పాత దౌత్య పత్రాల దగ్గర కొలువు: సిరొంచ నుంచి ఒక ప్రశ్న

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ తాలూకా, గడ్చిరోలి) · ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మాది అసరెల్లి దిక్కు ఒక చిన్న పల్లె. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. గోండ్వానా యూనివర్సిటీ కింద చరిత్రల ఎం.ఏ. చేసిన. ఒక ఆర్కైవ్స్‌ల కాంట్రాక్టు పోస్టు పడితే దరఖాస్తు పెట్టిన. చారిత్రక దౌత్య పత్రాల విభాగం, పత్రాలకు వివరణలు రాసి సూచిక తయారు చేసే పని. వచ్చే నెల ఇంటర్వ్యూకు రమ్మన్నరు.

సంధులు, రాయబారాలు అని పుస్తకాలల్ల చదివిన గానీ అసలు కాయితం కండ్ల చూడలేదు. ఆ గదిల కూసున్నోళ్లు పొద్దుగాల నుంచి మాపటి దాంక ఏం చేస్తరు? ఫారసీ రాకుంటే పనికి రానా? మా నాయిన, "పాత కాయితాలకు కావలి ఉండుడు గూడ ఒక కొలువేనా బిడ్డా" అని అడిగిండు. ఆయనకు చెప్పెటందుకు నా దగ్గర సక్కటి జవాబు లేదు.

ఇంకొకటి చిన్నప్పటి సంది మనసుల ఉన్నది. వంతెన దాటితే కాళేశ్వరం. ఆ దిక్కు మా మేనత్తోళ్లు. అదే మాట, అదే బతుకమ్మ. వాళ్లది తెలంగాణ, మాది మహారాష్ట్ర. ఈ గీత ఎవరు గీసిండ్రు, ఎప్పుడు? దానికి కాయితం ఉంటదా?


దస్తరం_కట్ట (బరంపురం, గంజాం) · ఆదివారం, రాత్రి 10:42

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉండి రిటైరయ్యాను. మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబిస్తాను. అందులోనే మీ కొలువు సంగతీ ఉంది.

కాగితం ఉంది. 1860 డిసెంబరు నాటి సంధి. ఒక పక్క నిజాం అఫ్జలుద్దౌలా, ఇంకో పక్క ఇంగ్లండు రాణి ప్రభుత్వం. హైదరాబాదులో ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి అయిన రెసిడెంటు డేవిడ్‌సన్, దివాను సాలార్‌జంగు. అంతకు ఏడేళ్ల క్రితం, 1853లో, నిజాం కోసం కంపెనీ నడిపే కంటింజెంటు సైన్యం ఖర్చుల కింద బేరారు, ధారాశివ్, రాయచూరు దోఆబు కంపెనీ చేతికి వెళ్లాయి. 1857లో నిజాం ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలబడ్డాడు కాబట్టి 1860లో ధారాశివ్, రాయచూరు దోఆబు వెనక్కి ఇచ్చారు. సురపురం సంస్థానం ఇచ్చారు. యాభై లక్షల దాకా ఉన్న బాకీ కొట్టేశారు. బేరారు మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు.

దానికి బదులుగా నిజాం నుంచి వెళ్లినవి గోదావరి ఎడమ గట్టు తాలూకాలు. అందులో మీ సిరొంచ ఒకటి. గోదావరి మీద, దాని ఉపనదుల మీద సాగే సరుకుకు సుంకం ఉండకూడదన్న మాట కూడా ఆ సంధిలోనే రాసుకున్నారు. అది చదివితే మీ ఊరు ఎందుకు కావలసివచ్చిందో తెలుస్తుంది. సముద్రం నుంచి గోదావరి, ప్రాణహిత, వార్ధా మీదుగా మధ్య దేశపు పత్తి పొలాల దాకా పడవలు నడపాలన్నది ఆర్థర్ కాటన్ పథకం. దారిలో రాళ్లు అడ్డొచ్చే చోట్ల, దుమ్ముగూడెం దగ్గరా ఇచ్చంపల్లి దగ్గరా, కట్టలూ కాలవలూ మొదలుపెట్టారు. 1871లో పనులు ఆపేశారు. పడవలు రాలేదు, సరిహద్దు మాత్రం నిలిచిపోయింది.

సిరొంచ కొన్నాళ్లు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. 1874లో ఆ జిల్లాను ఎత్తేసి సిరొంచను చాందాలో కలిపారు. చాందా, అంటే చంద్రపూర్, 1982లో రెండుగా చీలి మీ గడ్చిరోలి వచ్చింది.

ఇక పని. సంధి అన్నది కట్టలో ఆఖరి కాగితం. దాని కింద ఎన్నో ఉంటాయి: రెసిడెంటు ఉత్తరం, కలకత్తా జవాబు, దర్బారు నుంచి వచ్చిన ఖరీతా (పాలకులు రాసుకునే లాంఛన ఉత్తరం), దాని ఇంగ్లీషు అనువాదం, ముసాయిదా, ముసాయిదాలో కొట్టేసిన మాట, పక్కన ఎవరో సిరాతో రాసిన "ఇది ఇప్పుడు వద్దు". వాటిని వాటి వరుసలో ఉంచడం, ఎవరు ఎవరికి ఏ తేదీన ఎందుకు రాశారో రెండు మూడు వాక్యాల్లో చెప్పడం, రేపు అడిగినవాడికి దొరికేలా చేయడం. మీ నాన్నగారికి ఇలా చెప్పండి: పొలానికి పహాణీ ఎలాగో, రాజ్యాల మధ్య మాటకు ఈ కట్ట అలాగ.


ప్రాణహిత_ఒడ్డు · ఆదివారం, రాత్రి 11:25

సార్, మూడుసార్లు చదివిన. మా ఊరి మీదికెళ్లి పడవలు పోవాలె అనుకున్నరని గూడ నాకు తెల్వది. నాయిన పండుకున్నడు, పొద్దుగాల చదివి వినిపిస్త.

ఒక అనుమానం. గీ సంధులన్నీ ఐచిసన్ అనే దొర అచ్చేసిన సంపుటాలల్ల ఉన్నయి గదా, ఇంటర్నెట్ల గూడ దొరుకుతయి. మరి అసలు కాయితం కోసం ఇంత తిప్పలు ఎందుకు?


దస్తరం_కట్ట · సోమవారం, ఉదయం 6:15

మంచి ప్రశ్న. ఇంటర్వ్యూలో అడిగినా అడుగుతారు.

ఐచిసన్ సంపుటాలు 1862 నుంచి వచ్చాయి, తర్వాత కూర్పు మీద కూర్పు. మేమందరం వాటితోనే మొదలుపెట్టాం. కానీ అందులో 14వ సంపుటం కథ వినండి. 1929లో అచ్చయింది. టిబెట్ సంగతి మీద జరిగిన 1914 సిమ్లా ఒప్పందం గురించి ఏదో రెండు ముక్కలతో సరిపెట్టింది. 1938లో ఓలఫ్ కేరో విదేశాంగ శాఖలో ఉండగా, ఆ ఒప్పందం, మెక్‌మహన్ గీత (భారత్, టిబెట్ల మధ్య సరిహద్దు) తాలూకు పత్రాలు చేర్చి కొత్త ప్రతి అచ్చేశారు. మొదటి పుట మీద ముద్రణ సంవత్సరం మాత్రం 1929 అనే ఉంచారు. పాత ప్రతులు వెనక్కి పంపమని గ్రంథాలయాలకు రాశారు. దాదాపు అన్నీ వెళ్లిపోయాయి. హార్వర్డులో ఒకటి మిగిలింది. 1960లలో రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు సంగతి బయటపడింది.

సరిహద్దు హక్కు ఎవరిదన్న వాదన వేరు, దాని జోలికి వెళ్లను. నేను చెప్పేది పుస్తకం గురించి. 1929 అని అచ్చులో ఉన్న పుస్తకం 1938లో పుట్టింది. ఆ మార్పు ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్నది శాఖ ఫైళ్లలోనే దొరుకుతుంది. అందుకే అసలు కట్ట కావాలి. కట్టలో ఒక్క కాగితం తీసి వేరేచోట పెట్టినా ఆ సాక్ష్యం చెడిపోతుంది. మా గదిలో మొదటి రోజు నేర్పిన నియమం అదే: ఏ కచేరీ కాగితం ఆ కచేరీ కట్టలోనే, వాళ్లు పెట్టుకున్న వరుసలోనే. విషయం ప్రకారం సర్దుదామని మనసు లాగుతుంది. సర్దకూడదు.


అంకీస_రైతు · సోమవారం, మధ్యాహ్నం 1:30

బిడ్డా, మనది పక్క పక్క ఊరే. నువ్వు చదువుకున్నందుకు సంతోషం. నేను ఏడో తరగతి దాంక చదివిన. నాది ఒక్కటే మాట. రాజులు, దొరలు రాసుకున్న ఉత్తరాలల్ల మనలాంటోళ్ల పేరు ఉంటదా? మనకు ఏమొస్తది? సార్‌ని గూడ అడుగుతున్న, తప్పు పట్టుకోవద్దు.


దస్తరం_కట్ట · సోమవారం, మధ్యాహ్నం 3:05

అన్నగారూ, తప్పేముంది. న్యాయమైన ప్రశ్న.

సంధి పుటలో మనవాళ్ల పేరు ఉండదు. దాని కింద ఉన్న కాగితాల్లో ఉంటుంది. గీత గీసే ముందు ఆ నేల ఎంత ఇస్తుంది, ఎవరు దున్నుతారు, రేవు దగ్గర ఎవరు సుంకం వసూలు చేస్తారు, అడవిలో ఏ దారి వానాకాలంలో మూసుకుపోతుంది, ఇవన్నీ ఎవరినో పంపి రాయించుకుంటారు. పడవవాళ్లు ఫిర్యాదు చేస్తే ఆ ఫిర్యాదు అనువాదమై పైకి వెళుతుంది. ఒక సరిహద్దు తగాదాలో గ్రామపెద్ద వాంగ్మూలం చూశాను నేను. "మా తాత కాలం నుంచి ఈ చింతచెట్టు మా పొలిమేర" అని తెలుగులో చెప్పిన మాటకు ఇంగ్లీషు. దాని మీద సూచికలో ఏళ్ల తరబడి ఉన్న పేరు "సరిహద్దు వ్యవహారం, ఇతరములు" అంతే. ఆ రెండు ముక్కలు చూసి ఆ కట్ట ఎవరూ తెప్పించుకోలేదు. నేను దానికి ఊరి పేరు, సాక్షి వృత్తి, పొలిమేర గుర్తు చేర్చి రాశాక రెండేళ్లలో ముగ్గురు పరిశోధకులు అడిగి చూశారు.

సూచికలో పేరు పడని మనిషి కాగితంలో ఉన్నా లేనట్టే. ఆ పేరు పడేలా చూసేది ఈ అమ్మాయి కూర్చోబోయే కుర్చీలో ఉన్నవాళ్లే.


మోడి_లిపి (బల్లార్షా) · సోమవారం, రాత్రి 8:20

నేను ఫారసీ మనిషిని కాదు, మరాఠీ మోడి లిపి చదివేవాణ్ని. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి బల్లార్షాకు పనికి వచ్చిండు, అప్పటి సంది ఇక్కడే. చెల్లె, నీకు మరాఠీ వచ్చు కాబట్టి నీ చేతిల ఒక పనిముట్టు ఉన్నట్టే. పుణె పేష్వా దఫ్తరం నిండా మోడి కాగితాలే. సర్దేశాయి సంపాదకత్వంల 1930ల మొదట్ల 45 సంపుటాలు ఏరి అచ్చేసిండ్రు, అయినా అది మొత్తంల చిన్న వంతు. పేష్వాల రాయబారులు, వాళ్లను వకీళ్లు అనేది, హైదరాబాదు నుంచి, నాగపూర్ నుంచి, ఢిల్లీ నుంచి రాసిన ఉత్తరాలు అవి. దౌత్య పత్రం అంటే ఇంగ్లీషువాళ్లది మాత్రమే అనుకోకు.

మోడి చూస్తే మొదట భయమైతది. రాసేటాయన ముందుగాల పుట అడ్డంగ ఒక గీత గీస్తడు, తర్వాత కలం ఎత్తకుండ దాని కింద అక్షరాలు వేలాడదీస్తడు. మాటకు మాటకు మధ్య జాగ ఉండదు. హ్రస్వం దీర్ఘం తేడా రాయరు. నేను మొదటి పుట చదివెటందుకు నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు పది నిమిషాలు.

అసలు చిక్కు తేదీ. వాళ్లు సుహూర్ సన్ అనే లెక్క వాడుతరు, అదిన్నీ అంకెలల్ల కాదు, అరబీ మాటలల్ల. "అర్బా మయాతైన్ వ అలఫ్" అని ఉంటది. అర్బా నాలుగు, మయాతైన్ రెండు వందలు, అలఫ్ వెయ్యి. 1204. దానికి 599 కలిపితే 1803. ఆ ఏడాది డిసెంబరు 17నే దేవగావ్ సంధి అయింది. నాగపూర్ భోంస్లే కటక్‌ను కంపెనీకి వదులుకున్నది దానితోనే. బరంపురం సారుకు ఆ సంగతి నాకన్న ఎక్కువ తెలుసు. అయితే జనవరి నుంచి మే లోపల ఉత్తరం ఉంటే 599 కాదు, 600 కలపాలె. ఎందుకంటే ఆ ఏడాది మారేది ఉగాదికి కాదు, జనవరికి కాదు. సూర్యుడు మృగశిరల అడుగు పెట్టిన నాడు.


అంకీస_రైతు · సోమవారం, రాత్రి 9:02

మిరుగు నాడా? మిరుగు కురిస్తేనే మేము విత్తనం పెడుతం. గా లెక్క మీద రాజుల ఉత్తరాలు నడిచినయా?


మోడి_లిపి · సోమవారం, రాత్రి 9:15

అవును కాకా. దాన్ని మృగ్ సాల్ అని గూడ అనేది. శిస్తు పంట మీద వస్తది, పంట మిరుగుతోని మొదలైతది, అందుకే కచేరీ లెక్క గూడ దానితోనే. నేను పాఠం చెప్పేటప్పుడు పట్నం పిల్లలకు ఈ ముక్క ఎక్కదు. మీకు ఒక్క మాటల తెలిసిపోయింది.


అంకీస_రైతు · సోమవారం, రాత్రి 9:21

బిడ్డా, మీ నాయినకు ఈ సంగతి చెప్పు. నా మాటగ చెప్పు.


కాగితం_వైద్యం (జయపురం, కోరాపుట్) · మంగళవారం, ఉదయం 11:40

నేను పత్రాల మరమ్మతు చేసే మనిషిని. సూచిక రాసేవాళ్లతో రోజూ పని. చెల్లెమ్మకు చేతి సంగతులు కొన్ని చెప్పాలి.

ఖరీతా అంటే ఉత్తరం ఒక్కటే కాదు. బంగారు చుక్కలు చల్లిన కాగితం, దాన్ని చుట్టి పెట్టిన పల్చటి మల్లు గుడ్డ సంచి, దాని మీద జరీ కింఖాబు సంచి, మూతి కట్టిన దారం, దారానికి వేలాడే లక్క ముద్ర. ఇవన్నీ కలిపి ఒక పత్రం. నేను చేరిన కొత్తలో ఒక చోట చూశాను, పేరు అనవసరం, సంచులన్నీ ఒక పెట్టెలో, ఉత్తరాలన్నీ ఇంకో పెట్టెలో పెట్టేశారు. స్థలం కలిసొస్తుందని. ఏ సంచి ఏ ఉత్తరానిదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఎవరికి ఏ రకం సంచి పంపారన్నదే అప్పట్లో గౌరవం కొలత. ఆ కొలత పోయింది. ఆ పెట్టెలు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

సిరా సంగతి. ఇంగ్లీషు కచేరీ కాగితాల మీద ఇనుము కలిసిన సిరా ఉంటుంది. నూరేళ్లు దాటేసరికి అది కాగితాన్ని తినేస్తుంది. అక్షరం ఉన్నచోట అక్షరం ఆకారంలో చిల్లు. వెలుతురుకు ఎత్తి చూస్తే జల్లెడలా కనిపిస్తుంది. ఫారసీ ఉత్తరాల మీద మసి సిరా ఎక్కువ. అది కాగితాన్ని తినదు గానీ నీటి చుక్క పడితే కారిపోతుంది. ఒకే ఫైలులో రెండూ పక్కపక్కన ఉంటాయి, ఒకదాని మందు ఇంకోదానికి విషం. అందుకని మరమ్మతుకు పంపే చీటీలో "ఏ పుట మీద ఏ సిరా" అని మీరు రాసి ఇస్తే మాకు సగం పని తగ్గుతుంది.

జిగురు టేపు ఎప్పుడూ అంటించొద్దు, మంచి మనసుతో అయినా సరే. గది 22 నుంచి 25 డిగ్రీలు, తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. మా కోరాపుట్ వానల్లో ఏసీ ఆగితే రెండు రోజుల్లో బూజు వాసన వస్తుంది. వాసన వచ్చిందంటే ఫైలు ముట్టుకోకుండా ముందు మమ్మల్ని పిలవాలి.


పర్లాకిమిడి_గుమాస్తా · మంగళవారం, సాయంత్రం 5:50

నేను వకీలుగారి దగ్గర గుమాస్తాని. సరిహద్దు పల్లెల భూముల కేసులు మాకు తగులుతుంటాయి. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒరిస్సాలోకి వచ్చింది, జమీందారీలో కొంత మద్రాసులో ఉండిపోయింది. ఇవి కూడా దౌత్య పత్రాల్లోనే దొరుకుతాయా? ఒకసారి తెలిసినాయన ఢిల్లీ వెళ్లి విదేశాంగ శాఖ కట్టలు వారం రోజులు తిరగేసి ఉత్త చేతులతో వచ్చాడు.


దస్తరం_కట్ట · మంగళవారం, రాత్రి 9:30

గుమాస్తాగారూ, ఆయన తప్పు గుమ్మం తట్టారు. 1936 విభజన ఒకే ప్రభుత్వం తన రెండు రాష్ట్రాల మధ్య చేసుకున్న ఏర్పాటు. రాజ్యానికీ రాజ్యానికీ మధ్య మాట కాదు. అది ఒరిస్సా ఏర్పాటు ఉత్తర్వు కింద జరిగింది. దాని వెనుక ఒరిస్సా సరిహద్దులు పరిశీలించిన ఓడొనెల్ కమిటీ నివేదిక, రాష్ట్ర ప్రభుత్వాల ఉత్తర ప్రత్యుత్తరాలు ఉన్నాయి. వాటిని రిఫార్మ్స్ ఆఫీసు కట్టల్లో, మద్రాసు వైపువి చెన్నై ఎగ్మోరు ఆర్కైవ్స్‌లో వెతకాలి. కాగితం వెతికేముందు "ఈ పని అప్పుడు ఏ కచేరీది?" అని అడగాలి. విషయం పట్టుకుని వెతికితే వారం పోతుంది, కచేరీ పట్టుకుంటే పూటలో తేలుతుంది.

మన ప్రాంతానికి అసలైన దౌత్య కాగితం కావాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. 1765 ఆగస్టు 12న ఢిల్లీ పాదుషా షా ఆలం ఉత్తర సర్కారులను కంపెనీకి ఇస్తూ ఫర్మానా ఇచ్చాడు. గంజాం అప్పుడు చికాకోలు (శ్రీకాకుళం) సర్కారులో భాగం. ఫర్మానా నిజమైనదే, ముద్ర నిజమైనదే. కానీ ఆ నేల మీద పాదుషా మాట చెల్లే రోజులు ఎప్పుడో పోయాయి. అక్కడ ప్రభువు హైదరాబాదు నిజాం అలీ. అందుకని మరుసటి ఏడు, 1766 నవంబరు 12న, కంపెనీ నిజాంతో వేరే సంధి చేసుకోవలసి వచ్చింది. సర్కారులకు బదులు ఏటా డబ్బు. రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం మూడింటికీ కలిపి ఐదు లక్షలు. చికాకోలుకు రెండు, ముర్తజానగరానికి రెండు.

ఒకే నేలకు రెండు కాగితాలు. ఒకటి మాత్రమే దొరికినవాడు కథ సగమే చెబుతాడు. మా పనిలో రెండు ప్రశ్నలు వేరువేరుగా అడుగుతాం. ఈ కాగితం తాను ఎవరి దగ్గర పుట్టానంటోందో నిజంగా అక్కడే పుట్టిందా? పుట్టినా, అందులోని మాట నేల మీద జరిగిందా? మొదటిదానికి ముద్ర, కాగితం, చేతిరాత, సంబోధన చెబుతాయి. రెండోదానికి ఆ తర్వాత వచ్చిన కట్టలు చూడాలి.

ముద్ర దగ్గర ఒక జాగ్రత్త. ముద్రలో హిజ్రీ సంవత్సరం చెక్కి ఉంటుంది. అది ముద్ర చెక్కించుకున్న ఏడు. ఉత్తరం రాసిన ఏడు కాదు. ఒకే ముద్ర పదేళ్లు వాడేవాళ్లు. కొత్తలో నేను ఒక పెట్టె మొత్తానికి ముద్ర తేదీలు వేసి, మా పై అధికారి దగ్గర నిలబడి అన్నీ మళ్లీ రాశాను.


ప్రాణహిత_ఒడ్డు · బుధవారం, రాత్రి 8:45

సార్, ముస్తఫానగరం, ముర్తజానగరం అంటే ఏ ఊర్లు? మ్యాపుల దొరకలేదు.


దస్తరం_కట్ట · బుధవారం, రాత్రి 9:10

ముస్తఫానగరం అంటే కొండపల్లి. ముర్తజానగరం గుంటూరు. ఫారసీ కచేరీ పెట్టిన పేర్లు. కాగితంలో అవే ఉంటాయి. వాటికి ఎదురుగా కొండపల్లి అని, గుంటూరు అని రాయనిదే తెలుగువాడు ఎవడూ ఆ కట్ట తెరవలేడు.

ఇప్పుడు మీకొక పని. 1860 సంధి ఇంగ్లీషు పాఠంలో ఎడమ గట్టు తాలూకాల పేర్లు ఇలా పలుకుతాయి: రాకపిల్లి, బుద్రాచెల్లం, చెర్ల, అల్బాక, నూగూర్, సిరొంచ. ఒక్కొక్కటీ ఇవాళ ఎక్కడుందో రాయండి. మ్యాపు చూడకుండా, ఇంట్లోవాళ్లను అడిగి.


ప్రాణహిత_ఒడ్డు · గురువారం, రాత్రి 10:05

నాయినను, అమ్మమ్మను కూసోబెట్టి అడిగిన. నాయినే ఎక్కువ చెప్పిండు.

సిరొంచ మనదే, మహారాష్ట్ర. ఆలుబాక, నూగూరు వెంకటాపురం దిక్కు, ములుగు జిల్లా. ఆ దిక్కు మిరపకాయ పనికి నాయిన రెండేండ్లు పోయిండట. చర్ల, భద్రాచలం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. రాకపిల్లి అంటే మాకు తెల్వలేదు. అమ్మమ్మ, "భద్రాచలం అవతల శబరి దిక్కు రేకపల్లి ఉన్నది, మా చిన్నాయిన బిడ్డను అక్కడ ఇచ్చినం" అన్నది. తర్వాత చూస్తే అది వి.ఆర్.పురం మండలం, 2014ల ఆంధ్రల కలిసినయాట్ల ఒకటి.

సార్, ఒక్క సంధిల ఒక్క వాక్యంల ఉన్న ఆరు తాలూకాలు ఇయ్యాల మూడు రాష్ట్రాలల్ల ఉన్నయి. రాసినంక నేను చానసేపు కాయితం దిక్కే చూస్తూ కూసున్న.


దస్తరం_కట్ట · శుక్రవారం, ఉదయం 6:20

ఇంతకంటే మంచి సూచిక పద్దు నేను రాయలేను తల్లీ. మీ అమ్మమ్మగారికి నా నమస్కారాలు.

రేకపల్లి పక్కన పాత ఇంగ్లీషు పలుకు, ఇప్పటి పేరు, మండలం, జిల్లా, రాష్ట్రం అన్నీ రాయండి. పాత పలుకు మాత్రం దిద్దొద్దు. కాగితంలో ఎలా ఉందో అలాగే ఉంచి, సరైన పేరు పక్కన చేర్చాలి.


ప్రాణహిత_ఒడ్డు · శుక్రవారం, రాత్రి 9:00

ఫారసీ సంగతి చెప్పలేదు సార్. పర్మినెంటు కొలువుకు ఏం చదవాలె? కాయితాలు ఎప్పుడు అందరికి చూపిస్తరు? ఇవి గూడ అడుగుతరేమో.


దస్తరం_కట్ట · శనివారం, ఉదయం 7:05

జాతీయ ఆర్కైవ్స్ 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు డిపార్టుమెంటుగా మొదలైంది. ఢిల్లీలో ఇప్పుడున్న పాత భవనం 1926 నాటిది. వాళ్ల స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా ఉంది, మరమ్మతు మీద, రికార్డుల నిర్వహణ మీద చిన్న కోర్సులూ ఉన్నాయి. కేంద్రంలో పర్మినెంటు ఆర్కివిస్టు పోస్టులు యూపీఎస్సీ ద్వారా భర్తీ అవుతాయి. చరిత్ర ఎం.ఏ.కి ఆ డిప్లొమా తోడైతే బలం. కాంట్రాక్టు చేస్తూనే దానికి ప్రయత్నించండి.

చట్టం 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ యాక్టు. ముప్పై ఏళ్లు దాటి ఆర్కైవ్స్‌కు చేరిన, రహస్య ముద్ర లేని పత్రాలను పరిశోధకులకు చూపించవచ్చు. రహస్య ముద్ర ఎత్తేసే అధికారం పుట్టించిన శాఖది, మనది కాదు. ఎవరు బతిమాలినా ఆ గీత దాటకూడదు.

ఫారసీ రాకపోతే పనికిరానిదానివి కావు. పందొమ్మిదో శతాబ్దం నుంచి చాలా భాగం ఇంగ్లీషే. కానీ నేర్చుకో. ముందు అచ్చులో ఉండే నస్తలీఖ్ లిపి, తర్వాత షికస్తా, అంటే గొలుసు రాత. నాకు ఆరేళ్లు పట్టింది, ముప్పై దాటాక మొదలుపెట్టాను. దానికంటే ముందు పదాలు పట్టుకో. కిందివాడు పైవాడికి రాస్తే అర్జ్‌దాస్తు. పైవాడు కిందికి ఇస్తే పర్వానా. పాదుషాది ఫర్మానా. సమానుల మధ్య ఖరీతా. సంధి అహద్‌నామా. పదం చూస్తే ఎవరు ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టారో తెలిసిపోతుంది. రెసిడెంట్లు దీని మీదే నెలల తరబడి పోట్లాడారు.

ఆఖరుగా ఒకటి. ఎవరైనా కాగితం చేతికిస్తే ముందు వెనక్కి తిప్పు. మడిచి కట్టిన ఉత్తరం వీపు మీద గుమాస్తా రాసిన సారాంశం, నంబరు, అందిన తేదీ ఉంటాయి. ఎదుటి పుట రాసినవాడిది. వీపు, దాన్ని అందుకున్నవాడిది. ఇంటర్వ్యూకు పెన్ను కాదు, పెన్సిలు పట్టుకెళ్లు. పత్రాలున్న గదిలోకి సిరా రానివ్వరు.


ప్రాణహిత_ఒడ్డు · మూడు వారాల తర్వాత, గురువారం, రాత్రి 9:35

సార్, అన్నా, అక్కా, కాకా, ఇంటర్వ్యూ అయింది. ఫలితం ఇంక రాలేదు. కానీ జరిగింది చెప్పాలె.

ముగ్గురు కూసున్నరు. ఒక మేడం నా చేతికి ఒక పాత ఉత్తరం నకలు ఇచ్చింది, రెండు దిక్కులు తీసిన నకలు. "చదివి చెప్పు" అన్నది. నేను వెనుకకు తిప్పిన. మేడం పక్కాయన దిక్కు చూసింది. వీపు మీద నంబరు, అందిన తేదీ ఉన్నయి. ముందు పుట తేదీకి, అందిన తేదీకి మధ్య ఇరువై మూడు రోజులు. ఎందుకని అడిగిండ్రు. నెల చూసిన. ఆగస్టు. "వానాకాలం సార్, నదులు నిండి ఉంటయి, తపాలా మనిషి రేవు దగ్గర ఆగి ఉంటడు. మా దిక్కు ప్రాణహిత పొంగితే, వంతెన పడక ముందు, మా అత్తోళ్ల సావు కబురు గూడ మూడో రోజు చేరేది" అన్న. తర్వాత ఊరి పేర్ల మీద అడిగిండ్రు. ఆరు తాలూకాల సంగతి చెప్పిన. పెన్సిలు తీసి మ్యాపు గీసి చూపెట్టిన.

ఇంటికొచ్చినంక నాయిన అడిగిన మొదటి మాట, "వెనుక ఏమున్నది బిడ్డా?"


దస్తరం_కట్ట · గురువారం, రాత్రి 10:20

సంతోషం తల్లీ. జవాబు బాగుంది. ఇంకొక్కటి చేర్చుకో. ఉత్తరం రాసిన తేదీ, అందిన తేదీ కాక, ఆ వీపు మీద చాలాసార్లు మూడోది కూడా ఉంటుంది. గవర్నర్ జనరల్ కౌన్సిలు ముందు పెట్టిన తేదీ. పాత విదేశాంగ కట్టలు సర్దింది ఆ మూడో తేదీ ప్రకారమే. రాసిన తేదీ పట్టుకుని వెతికితే దొరకదు. ఆ నకలు ఇంకా నీ దగ్గరుంటే మళ్లీ చూడు, ఎడమ మూల, పైన.